కాటాలో బోర్లించిన సంచీ

"సంచీ లాక్కుని కాటాలో బోర్లించారు వదినా. కొనడానికొచ్చినవాళ్ళంతా చూస్తుండగా."

నా ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి వస్తూ మా పళ్ళకొట్టు ముందు గుంపు చూసి ఆగి, అక్కణ్ణుంచి తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చి చెప్పిన మాట ఇది. బోర్లించింది మా మామయ్యగారు. సంచీ కాటా బాబాయ్‌ది. మా ఆయన నిక్కర్లు వేసుకుని బడికెళ్ళే రోజులనుంచీ ఆ కొట్లో పళ్ళు తూచేది ఆయనే. అందుకే వీధి వీధంతా ఆయన్ని కాటా బాబాయ్ అంటుంది. రోజూ తను తూచే కాటాలోనే తన సంచీ బోర్లాపడటం చూశాడు పాపం.

ఏం పడ్డాయని అడిగాను. భోజనం డబ్బా, కళ్ళజోడు పెట్టె, మందుబిళ్ళల పొట్లం, ఒక పాత తువ్వాలు. వాటి వెనకే, కాగితంలో చుట్టిన జోడీ కేకులు.

ఆ కేకులు నేను చుట్టి ఇచ్చినవి. ఇవాళ పొద్దున్నే కొట్టుకి వెళ్తుంటే, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా, పిన్ని తింటుందని చెప్పి సంచీలో కుక్కినవి.

"నాన్న వాటిని చూసి ఏమన్నారో తెలుసా? ఇంటి కేకులకే కాళ్ళొచ్చాయంటే, కొట్లో పళ్ళకు రెక్కలు రావడంలో వింతేముందన్నారు."

"నేనిచ్చానని బాబాయ్ చెప్పలేదా?"

"నోరు మెదపలేదు. ఒక్కొక్కటీ ఏరుకుని సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కేకులు మాత్రం కాటాలోనే వదిలేశాడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో అరటిపళ్ళ గిన్నె ఉంది. చిదమాల్సినదానికన్నా ఎక్కువే చిదిమాను ఆ పూట.

హాల్లో బట్టలు మడతపెడుతున్న అత్తయ్య అక్కణ్ణుంచే కూతుర్ని కోప్పడింది. కొట్టు సంగతులు వంటింటికి మొయ్యొద్దంది. ఆయన పెద్దవాడు, ఏదో చూడకుండా అలా చెయ్యడు అంది. మామయ్యగారు మిట్టమధ్యాహ్నం పూట సూర్యుడు లేడన్నా, ఏదో చూడకుండా అనరని వెనకేసుకొచ్చే మనిషి ఆవిడ.

అసలు గొడవ ఇదీ. కొన్ని వారాలుగా కొట్లో అరటిపళ్ళు మాయమవుతున్నాయి. మార్కెట్టునుంచి గెలలొస్తున్నాయి, డజనేసి కాయల అత్తాలుగా కోసి తాళ్ళకు వేలాడదీస్తున్నారు. తెల్లారేసరికి కొన్ని అత్తాలు ఉండటం లేదు. అమ్ముడుపోలేదు, పాడైపోయాయని తీసేసిన బుట్టలోనూ లేవు. కొట్టు తాళాలు రెండు. ఒకటి ఇంట్లో ఉంటుంది, రెండోది బాబాయ్ దగ్గర. ఇంకేం, మామయ్యగారికి దొంగ దొరికిపోయాడు.

జోడీ కేకు అంటే పెద్ద విద్యేమీ కాదు. మగ్గి మగ్గి తొక్క నల్లబడిన అరటిపళ్ళు గుజ్జు చేసి, వెన్న, పంచదార, గుడ్డు, మైదా, చిటికెడు వంటసోడా కలిపి, ట్రే మీద చెంచాతో బిళ్ళలు వేసి ఓవెన్‌లో పెడతాను. మెత్తగా, గుండ్రంగా పొంగుతాయి. చల్లారాక ఒకదాని అడుగున క్రీము రాసి, అదే సైజుది ఇంకొకటి ఏరి మూత వేస్తాను. వేలితో నొక్కితే దిగి, తీస్తే మళ్ళీ లేవాలి. పండు మాత్రం బాగా మగ్గిందే కావాలి. పసుపుపచ్చగా ముచ్చటగా ఉన్న పండుతో చేస్తే ఆ తీపి రాదు, ఆ తడి రాదు. ఎవరూ కొనని పండే నాకు పనికొచ్చే పండు.

అది విని మామయ్యగారు మొదట్లో పొంగిపోయారు. ఎందుకంటే పళ్ళ వ్యాపారి ఇంట్లో మంచి పండు ఎవరూ తినరు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నిగనిగలాడే యాపిల్ ఒకటి కోసుకోబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మకానికొచ్చిన పండుకి కత్తి తగలకూడదట. దెబ్బ తగిలిందీ, మచ్చ పడిందీ, ఎవడో నొక్కి వదిలేసిందీ ఇంటికొస్తుంది. అదే మనం తినాలి. మామయ్యగారి నాన్నగారి నాటినుంచీ అదే పద్ధతి. అలాంటి ఇంట్లో పారేసే పళ్ళతో నేను కేకులు చేసి వీధికంతా పంచి, ఆనక అమ్మడం మొదలుపెడితే, కోడలంటే ఇలా ఉండాలన్నారు.

అలా అన్న మనిషిచేత కొట్లో కాటా పక్కన మూరెడు చోటు ఇప్పించుకోవడానికి నేనెన్ని మాటలు పడ్డానో నాకే తెలుసు. ఇన్నాళ్ళకు ఒప్పుకున్నారు. అద్దాల పెట్టె కూడా వచ్చింది. తాళ్ళైనా విప్పకుండా హాల్లో గోడవార నిలబడి ఉంది. రేపు పొద్దున్న కొట్లోకి వెళ్తుంది. వంటింటి కిటికీలోంచి కేకులు అందించే బతుకు పోయి, నాకంటూ ఒక చోటు వస్తుంది. పొద్దున్న ఆ పెట్టెను చూసి ఎంత మురిసిపోయానో, ఇప్పుడు దాన్ని చూస్తే అంత ఒళ్ళు మండుతోంది.

మామయ్యగారు కొట్టు మూసేసి మరీ భోజనానికి వచ్చారు. తూచే మనిషి లేకపోతే కొట్టు నడవదని ఒక్కపూటకే తేలిపోయింది. ఆ ముక్క ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుంది?

అత్తయ్య వడ్డించింది. ఆయన తింటున్నారు. ఆడపడుచు గోడకు ఆనుకుని నాకేసి చూస్తోంది, అనవేం అన్నట్టు.

"మామయ్యగారూ, బాబాయ్ సంచీలో కేకులు నేనిచ్చినవి."

ఆయన నమలడం ఆపలేదు. ఇచ్చి ఉంటావు అన్నారు. అంతే. నేను ఆ మాట చెప్పేస్తే ఆయన ముఖం మాడిపోతుందని, అయ్యో ఎంత పనైపోయిందని అంటారని ఎదురుచూసిన నా పిచ్చికి నాకే నవ్వొచ్చింది.

"మరి దొంగ అన్నారు కదా?"

"కేకుల గొడవ కాదమ్మాయ్ ఇది. అరటిపళ్ళ సంగతి చెప్పు. తాళం ఒకటి మన దగ్గరుంది, రెండోది వాడి దగ్గరుంది. మన పళ్ళు మనమే ఎత్తుకెళ్ళం కదా?"

ఇన్నేళ్ళుగా ఒక్క పండు తీసుకోని మనిషి ఇప్పుడెందుకు తీసుకుంటాడని అడిగాను. అవసరం ఎవరికెప్పుడు వస్తుందో ఎవరికి తెలుసన్నారు. చూశారా అని అడిగాను. చూస్తే పోలీసులకే అప్పగించేవాణ్ణన్నారు. చూడకుండానే సంచీ బోర్లించారా అని అడిగాను. అత్తయ్య కళ్ళతోనే నా నోరు మూయాలని చూసింది. ఆ కళ్ళకు భయపడే కాలం నాకెప్పుడో పోయింది.

మామయ్యగారు మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టారు. ఆయన గొంతు పెద్దది చేయలేదు. కోపమొస్తే అరిచే మనిషైతే నాకింత ఇబ్బంది ఉండేది కాదు.

"సాయంత్రం రమ్మని కబురు పెట్టాను. వచ్చి, తప్పయిపోయిందని ఒక్కమాట అంటే మళ్ళీ కాటా దగ్గర కూర్చోబెడతాను. నేనేం రాక్షసుణ్ణి కాను."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటాడు?"

ఆయన లేచారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుంటూ అద్దాల పెట్టె దాకా నడిచి, దాని మీద చెయ్యి వేశారు.

"రేపు ఇది కొట్లోకి వెళ్తోంది. ఆ సంతోషంలో ఉండు. అక్కర్లేని విషయాలు నెత్తినేసుకోకు."

అరిస్తే బెదిరింపు అంటాం. ఇలా మెత్తగా అంటే ఏమనాలో నాకు తెలియలేదు.

వంటింట్లోకొచ్చి ఓవెన్ వెలిగించాను. రేపటి కేకులు చెయ్యాలి కదా. ఎవరి పరువు పోయినా బిళ్ళలు పొంగాలి, క్రీము గిలక్కొట్టాలి. మొదటి ట్రే ఎక్కించి, రెండో విడతకి పళ్ళు తీద్దామని మా ఆయన పొద్దున్న తెచ్చి పడేసిన బుట్ట ముందుకు లాక్కున్నాను. పైన కాగితం తీశాను.

పళ్ళన్నీ నల్లగా, మగ్గిన వాసనతో, నాకు కావలసినట్టే ఉన్నాయి. మరీ కావలసినట్టే ఉన్నాయి.

కొట్లో మిగిలిన అరటిపళ్ళు ఎలా ఉంటాయో ఈ ఇంటి కోడలికి ఒకళ్ళు చెప్పాలా? అవి ఎప్పుడూ విడిపళ్ళే. అత్తంలోంచి మంచివి తెంపుకుని పోగా మిగిలిన ఒంటి కాయలు. ఒకటి బుల్లిది, ఒకటి బారుది. ప్రతిదాని మీదా ఎవరో ఒకరు వేలితో నొక్కిన గుంట ఉంటుంది. కొందరైతే గోరు దింపి మరీ చూస్తారు. ఈ బుట్టలో ఒక్క విడిపండు లేదు. అత్తానికి అత్తం, ఒక్క పండు ఊడకుండా, అన్నీ ఒకేలా నల్లబడి ఉన్నాయి. ఎక్కడా వేలిగుంట లేదు. తొక్కల మీద మాత్రం గోనెపట్టా అల్లిక అచ్చు పడి ఉంది.

అమ్మకానికి పెట్టిన పళ్ళు కావవి. ఎవరి కంటా పడకుండా గోనె కప్పి, పనిగట్టుకుని మగ్గబెట్టిన పళ్ళు.

నేను కొన్ని వారాలుగా ఇలాంటి అత్తాలే వాడుతున్నాను. పళ్ళు ఎంత చక్కగా వస్తున్నాయో అని సంబరపడ్డానే తప్ప, ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఒక్కసారీ అనుకోలేదు.

మా ఆయన పెరటి తలుపులోంచి వచ్చాడు. నాన్నకు ఎదురుపడకుండా రావాలనుకున్న రోజు ఆ తలుపే వాడతాడు. చేతులు కడుక్కుంటూ, నిన్న మిగిలిన బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకోబోయాడు.

"ఇవి ఎక్కడ మగ్గబెట్టారు?"

బిళ్ళను బల్ల మీద పెట్టేశాడు. నావైపు చూడకుండా ఏవేవో అన్నాడు. కొట్లో మిగిలినవే అన్నాడు. ఎండలకు తొందరగా మగ్గుతున్నాయన్నాడు. నేను అత్తం ఎత్తి గోనె అచ్చు ఆయన ముఖం ముందు పెట్టాను. ఇంకాసేపు నీళ్ళు నమిలి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు చెప్పాడు.

కొట్టు వెనక అటక మీద. రేకు కప్పు కింద పగలంతా వేడిగా ఉంటుంది కాబట్టి గోనె కప్పితే ఇట్టే నల్లబడతాయట. ఇంట్లో ఉండే తాళం తీసుకుని, పొద్దున్నే బాబాయ్ రాకముందే వెళ్ళి తీసేవాడట.

"నీకోసమే చేశాను. పళ్ళు చాలట్లేదు, అడిగినవాళ్ళకి ఇవ్వలేకపోతున్నానని నువ్వే కదా అన్నావు?"

"నేను మిగిలిన పళ్ళు అడిగాను. మంచి పళ్ళు పాడుచేసి తెమ్మన్నానా?"

"నాన్న కొట్లో ఏం మిగులుతాయి చెప్పు. మంచివి ఇవ్వమంటే ఇస్తారా? పండు కొయ్యనివ్వని మనిషి, చిదమనిస్తారా? ఆ పెట్టె వచ్చేదాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాను. వచ్చాక నేనే చెప్దామనుకున్నాను."

నాకోసమట. ఆ మాట వినగానే ఏ పెళ్ళామైనా కరిగిపోతుందని ఈ మగవాళ్ళకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నన్నడిగాడా? మార్కెట్టుకెళ్ళి నా సొంత డబ్బుతో కొనుక్కొచ్చి మగ్గబెట్టుకునేదాన్నే. కోడలు పళ్ళు బయట కొంటే ఇంటికి నామోషీ అని వద్దన్నదీ ఈయనే. సరే, అదంతా ఒక ఎత్తు. పొద్దున్న సంగతి ఇంకో ఎత్తు.

"సంచీ బోర్లించినప్పుడు మీరెక్కడున్నారు?"

తువ్వాలు తీసి, ఆరిపోయిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"కొట్లోనే ఉన్నారు కదూ?"

"అంత పని చేస్తారని నేననుకోలేదు. అయిపోయాక ఏం మాట్లాడను? అంతమంది ముందు నాన్న మాట పడిపోదా? సాయంత్రం బాబాయ్ వచ్చి ఒక్కమాట అనేస్తే సర్దుకుపోతుంది. ఆయనేమీ అనుకోడు."

ఏమీ అనుకోడట. ఆ భుజాల మీదెక్కి బడికెళ్ళినవాడికి ఆయన సంగతి బాగానే తెలుసు.

"ఆయనకు తెలుసా, ఇది మీ పనేనని?"

మా ఆయన బల్ల మీద రాలిన పొడి వేలితో ఒకచోటికి చేరుస్తూ కూర్చున్నాడు. బాబాయ్ ఒకసారి అటక ఎక్కి చూశాడు అన్నాడు. చూసి గోనె మళ్ళీ కప్పేసి దిగిపోయాడట. ఒక్కమాటా అనలేదట.

ఓవెన్‌లో వాసన మారింది. తలుపు తీసేసరికి బిళ్ళల అంచులు మాడాయి. ఆ ట్రే మొత్తం చెత్తబుట్టలో కొట్టేశాను. మా ఆయన అయ్యో అన్నాడు. బిళ్ళలు మాడితే అయ్యో అనడానికి ఆయనకు నోరుంది.

మీ నాన్నతో మీరు చెప్తారా లేదా అని అడిగాను. రేపు పెట్టె కొట్లో పెట్టేశాక చెప్తానన్నాడు. ఇప్పుడు చెప్తే పెట్టె లేదు, చోటు లేదు, నీ కష్టమంతా బూడిదలో పోసినట్టేనన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే నన్ను ఇంకా మండించింది.

సాయంత్రం బాబాయ్ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఎవరింటికో శుభకార్యానికి వచ్చినవాడిలా హాల్లో ఒక మూల నిలబడ్డాడు. కూర్చోమన్నాను. ఫరవాలేదు తల్లీ అన్నాడు. పొద్దుటినుంచీ ఏమైనా తిన్నాడో లేదో.

మామయ్యగారు పడక్కుర్చీలో ఉన్నారు. అత్తయ్య వెనక నిలబడింది. మా ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఆడపడుచు నా పక్కకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

బాబాయ్ జేబులోంచి కొట్టు తాళం తీసి మామయ్యగారి ముందు బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆ తాళం ఇంకొకరి చేతికివ్వడం నేను చూడలేదు. మామయ్యగారు దానివైపు చూడకుండా, చెప్పు అన్నారు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"అన్నగారూ," అన్నాడు బాబాయ్, "మీరన్నట్టే అనుకోండి. ఆ పళ్ళు నేనే..."

"బాబాయ్ తియ్యలేదు," అన్నాను. "మీ అబ్బాయి తీశారు. అటక మీద గోనె కప్పి మగ్గబెట్టి నాకు తెచ్చి ఇచ్చారు. ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకుంటూ తిన్న కేకులు ఆ పళ్ళవే. మధ్యాహ్నం దాకా నాకూ తెలియదు."

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడపడుచు చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. మామయ్యగారు కొడుకు వైపు చూసి, నిజమా అన్నారు. మా ఆయన తల ఊపాడు.

కుర్చీ విరుగుతుందనుకున్నాను. ఇల్లు అదురుతుందనుకున్నాను. మామయ్యగారు వెనక్కి వాలి, గుండెల నిండా గాలి పీల్చి వదిలారు. వారాల తరబడి మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు ముఖం తేటపడింది.

"పోన్లే. ఇంట్లోనే ఉన్నాయి. వాడి కొట్టు, వాడి పళ్ళు. చెప్పి తీసుకోవాల్సింది. చిన్నతనం."

నలభై దగ్గరపడుతున్న మనిషిది చిన్నతనమట.

"మరి బాబాయ్?" అన్నాను.

అప్పుడు ఆయన బాబాయ్ వైపు తిరిగారు. తేటపడిన ముఖం మళ్ళీ గట్టిపడింది. నీకు తెలుసా అని అడిగారు. బాబాయ్ తల దించుకున్నాడు.

"తెలిసి కూడా నాతో చెప్పలేదన్నమాట. నా ఉప్పు తిని, నా దగ్గరే దాచావన్నమాట. పైగా నేనే తీశానని అబద్ధమాడబోయావు. పళ్ళు తీసినవాణ్ణయినా క్షమిస్తాను కానీ, నీలాంటివాణ్ణి ఎలా నమ్మాలి?"

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. తీసింది కొడుకు. నిందపడింది బాబాయ్. నిజం బయటపడ్డాక కూడా దోషి బాబాయే. పొద్దున్న దొంగతనం చేశాడని తప్పు, సాయంత్రం చెయ్యలేదని తప్పు. కొడుకు చేసింది చిన్నతనమైంది, ఆ కొడుకును కాపాడటానికి నోరు మూసుకున్నది ద్రోహమైంది. ఇదెక్కడి న్యాయం?

ఆయన బల్ల మీది తాళం తీసి నావైపు జరిపారు.

"కొట్లో ఎలాగూ నీ పెట్టె పెడుతున్నాం. రేపటినుంచి ఆ కాటా దగ్గర నువ్వే కూర్చో అమ్మాయ్. ఇంటి మనిషివి. నీ కేకులకూ మంచిది."

నాకు మూరెడు చోటు ఇస్తే చాలనుకున్నాను. బాబాయ్ చోటు మొత్తం ఇచ్చేశారు. నేను నిజం చెప్పినందుకు ఆయన ఉద్యోగం పోయింది, నాకు వచ్చింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదంతా ఇలా నా ముందుకు జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు.

"తీసుకో," అన్నాడు మా ఆయన కిటికీ దగ్గర్నుంచి. పొద్దుటినుంచీ ఆ హాల్లో ఆయన గొంతు విప్పడం అదే మొదలు.

తీసుకున్నాను.

అత్తయ్య గట్టిగా ఊపిరి వదిలింది. నేను చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని అడిగారు మామయ్యగారు. కొట్టు తెరవడానికన్నాను. ఈ వేళప్పుడు ఎందుకన్నారు. పొద్దున్న సంచీ ఎంతమంది ముందు బోర్లించారో, అంతమంది ముందు సంగతి చెప్పొద్దా అన్నాను.

"గడప దాటావంటే ఆ పెట్టె మాట మర్చిపో."

మర్చిపోవడం ఎలా కుదురుతుంది? కానీ ఆ పెట్టె వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానేమోనని భయం. బాబాయ్ వైపు తిరిగి, పదండి అన్నాను.

ఆయన కదల్లేదు.

"వద్దు తల్లీ," అన్నాడు. "పొద్దున్న నా ఒక్కడి పరువే పోయింది. ఇప్పుడు నువ్వెళ్ళి చెప్తే కొట్టు పరువు పోతుంది."

ఆ మాటకు మామయ్యగారు తల పంకించారు. కాస్తైనా సిగ్గుపడకుండా, తనకు రావాల్సిందేదో వచ్చినట్టు పంకించారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని బాబాయ్‌ని మెచ్చుకుంది. చూడు ఎంత పెద్ద మనసో, నీకూ ఉంటే బాగుండునంది నాతో. ఒక మనిషి పెద్ద మనసు చేసుకుని నలిగిపోతుంటే, పక్కనున్నవాళ్ళు ఆ మనసును పొగుడుతూ దానిమీదే కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేను అంత దగ్గరగా అప్పుడే చూశాను. నా కోపం మొదటిసారి బాబాయ్ మీదికి కూడా మళ్ళింది.

"మీ పరువు మీకు అక్కర్లేకపోతే పోనీండి బాబాయ్. నేనిచ్చిన కేకులు మీ దగ్గర దొరికిన దొంగసొత్తయ్యాయి. నా మాట నేను చెప్పుకోవాలి," అని గడప దాటాను.

వెనక మామయ్యగారి కేక వినిపించింది. దాన్ని ఆపరా అంటున్నారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. మెట్లు దిగుతుంటే అడుగులు వినిపించాయి. ఆపడానికి వస్తున్నాడో, నాతో రావడానికి వస్తున్నాడో నేనడగలేదు. ఆయనా చెప్పలేదు. వీధి పొడుగునా నా వెనకే నడిచాడు.

కొట్టు తాళం తీసి షట్టరు పైకి తోశాను. అది ఎప్పటిలాగే వీధంతా వినిపించేలా గోల చేసింది. దీపం వేశాను. కాటా పళ్ళెంలో పొద్దుటి కేకుల కాగితం ఇంకా అలాగే ఉంది, కేకులు ఎవరు తిన్నారో తెలియదు. మధ్యాహ్నంనుంచి మూసి ఉన్న కొట్టు తెరుచుకుందని మనుషులు ఒకరొకరే చేరారు. పక్క మందుల కొట్టు ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఎదుటి టైలరు మెడలో టేపు వేలాడుతుండగానే వీధి దాటి వచ్చాడు. పొద్దున్న ముందు వరసలో నిలబడి చూసింది ఆయనే.

"ఏమ్మా, దొంగ దొరికాడా?" అన్నాడు.

నా వెనక అడుగులు ఆగాయి.

"దొరికాడు," అన్నాను.

ఎవరు, ఆ ముసలాయనేనా అని టైలరు. నేననుకుంటూనే ఉన్నానని మందుల కొట్టావిడ. వెనకవాళ్ళు ముందుకు జరిగారు.

వెనక్కి తిరిగి మా ఆయన ముఖంలోకి చూశాను.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"